ట్రాక్ కారు బంపరు, నేను వేసిన కొసరు

అది 2023 వేసవి. కోరుట్లలో మెట్‌పల్లి వైపు వెళ్లే రోడ్డు మీద నాకు కార్ల యాక్సెసరీస్ దుకాణం ఉంది. ముందు గదిలో సీటు కవర్లు, మ్యాట్లు, హారన్లు అమ్ముతాం. వెనక రేకుల షెడ్డులో డెంటింగ్, పెయింటింగ్ చేస్తాం. ముందు గది నాది, షెడ్డు సలీం భాయ్‌ది. ఆయన లేకపోతే సుత్తి ఏ చేత్తో పట్టుకోవాలో కూడా నాకు తెలియదని ఊరందరికీ తెలుసు. అయినా గిరాకీల ముందు ఇంజనీరులా మాట్లాడేది మాత్రం నేనే.

నేను పెరిగింది జగిత్యాలలో, కిరాణా దుకాణం వెనక ఇంట్లో. తాత, బాపు, మేనమామలు అందరూ గల్లా ముందు కూర్చున్నవాళ్లే. నాకు నడక కన్నా ముందు బేరం వచ్చిందని అమ్మ అంటుండేది. ఆ ఇంట్లో రెండు నియమాలు ఉండేవి. ఒకటి, బోణీ గిరాకీని ఉత్త చేతులతో పంపకూడదు. రెండోది కొసరు. తూకం అయ్యాక, ధర తేలాక, దుకాణం తరఫున ఇంకొంచెం వేయాలి. గుప్పెడు పుట్నాలో, చిన్న బెల్లం ముక్కో. అది అడిగి ఇచ్చేది కాదు, ఇచ్చాక వాపసు తీసుకునేదీ కాదు. ఈ రెండు నియమాలూ కలిసి ఒకే గిరాకీ దగ్గర నన్ను ఎట్లా బోల్తా కొట్టించాయో చెబుతాను.

ఆ రోజు షట్టరు సగం ఎత్తానో లేదో, పెద్ద చప్పుడుతో ఒక పాత తెల్లకారు వచ్చి ఆగింది. పైన గోనెపట్టాలో చుట్టి, తాళ్లతో కట్టిన పొడవాటి పార్సిల్. లోపలికి తొంగిచూస్తే డ్రైవర్ సీటు ఒక్కటే ఉంది. పక్క సీటు లేదు, వెనక సీటు లేదు, కింద కార్పెట్ లేదు, ఏసీ లేదు, తలుపులకు లోపలి అట్టలు కూడా లేవు. ఇనుము ఇనుములాగే కనిపిస్తోంది.

“తమ్మీ, బండిని ఎవలన్న దోసుకున్నరా?” అని అడిగాను.

“నేనే దోసుకున్న సేటు,” అన్నాడు దిగిన మనిషి, నవ్వుతూ.

అతని పేరు రవీందర్. కోనరావుపేట దగ్గర ఊరు. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. అత్తగారిల్లు కోరుట్ల. గల్ఫ్‌లో ఒక రేస్ ట్రాక్ గ్యారేజీలో టైర్లు కడిగే పనితో మొదలుపెట్టి, చివరకు కార్లు విప్పి బిగించేదాకా ఎదిగాడు. ట్రాక్ కారు అంటే ఏమిటో నాకు ఓపిగ్గా చెప్పాడు. మామూలు కారునే తీసుకుని, అక్కర్లేనివన్నీ పీకేసి, మూసి ఉన్న ట్రాక్ మీద మాత్రమే నడిపేలా తయారుచేస్తారు. రోడ్డు మీద దానికి పని లేదు. బరువు తగ్గినకొద్దీ మలుపు దగ్గర బండి మాట వింటుంది, బ్రేకు వెంటనే పడుతుంది. అందుకే సీట్లు కూడా పోయాయి.

అతను ఈ అవస్థంతా పడుతున్నది సరదాకు కాదు. చెన్నై దగ్గర ట్రాక్ వాళ్లకు గ్యారేజీ చూసుకునే మనిషి కావాలి. ఎవరైతే తమ చేతులతో తయారుచేసిన కారుతో వచ్చి, పొద్దంతా దాన్ని ఏ తిప్పలూ లేకుండా నడిపి చూపిస్తారో వాళ్లకు పని. అక్కడ దొరికితే భార్యాబిడ్డలను వెంట తీసుకుపోవచ్చు. దొరక్కపోతే పాత కంపెనీ వీసా పట్టుకుని మళ్లీ విమానం ఎక్కాలి. టికెట్ కూడా వచ్చేసింది. ఇంజను, బ్రేకులు తనే ఇంటి ముందు చెట్టు కింద చేసుకున్నాడట. బంపరు పనికి మాత్రం షెడ్డు, గ్రైండరు, పెయింటరు కావాలి.

పార్సిల్‌లో ఉన్నది కోయంబత్తూరు నుంచి తెప్పించిన ఆఫ్టర్‌మార్కెట్ బంపరు. అంటే కారు కంపెనీ చేసింది కాదు, బయటివాళ్లు చేసి అమ్మేది. ఇది ఫైబర్‌గ్లాస్‌ది, చాలా తేలిక. కింద నోరు పాత బంపరుకన్నా బాగా పెద్దది. అందులోంచి రేడియేటరుకూ బ్రేకులకూ గాలి పోవాలి.

“సిరిసిల్లల ఇద్దరు జూసి వాపసు పంపిండ్రు. నీ కాడ అయితదా సేటు? నడిచేటప్పుడు ఊడద్దు. తియ్యాలంటే మాత్రం జల్ది రావాలె,” అన్నాడు.

బోణీ వేళ. అయితది అన్నాను. ఇక ధర. మా అలవాటు ప్రకారం, వాళ్లు తగ్గించడానికి వీలుగా పెంచే చెప్పాను. రవీందర్ సరేనన్నాడు. మారుమాట లేదు. అతను తాళం చేయి ఇచ్చి అత్తగారింటికి నడుచుకుంటూ వెళ్లిపోయాక కూడా నేను అక్కడే నిలబడిపోయాను. బేరం ఆడని గిరాకీ నాకు నచ్చడు. దెబ్బలాడి గెలిస్తే నిద్ర పడుతుంది. ఊరికే ఇచ్చేస్తే ఆ మనిషికి బాకీ పడ్డట్టు ఉంటుంది.

సలీం భాయ్ పని మొదలుపెట్టాడు. చక్రాల దగ్గరి స్క్రూలు, బానెట్ కింద ఉండే ప్లాస్టిక్ క్లిప్పులు, అడుగున ఉన్న బోల్టులు తీస్తే పాత బంపరు ముందుకు వచ్చేస్తుంది. ఫాగ్ లైట్ల వైర్లు విప్పడం మరిచిపోకూడదు. కొత్తవాళ్లు లాగి తెంపేది అక్కడే. బంపరు పోయాక వెనక క్రాష్ బీమ్ కనిపిస్తుంది. గుద్దినప్పుడు దెబ్బ ఓర్చుకునే అడ్డ ఇనుము అది. తర్వాత కొత్త బంపరును బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. దాన్ని డ్రై ఫిట్ అంటారు. ఫైబర్‌గ్లాస్ బంపరు ఏదీ మొదటిసారే కూర్చోదు. అచ్చులోంచి తీశాక కొంచెం ముడుచుకుంటుంది. మాది ఎడమవైపు హెడ్‌లైటు కింద వేలు పట్టేంత సందు వదిలింది, కుడివైపు చక్రం మీది రేకును ఒరుసుకుంది. టేపు అంటించి గీత గీసి, కొద్దికొద్దిగా అరగదీసి, మళ్లీ ఆనించి, మళ్లీ తీసి చూడాలి. ఆ దుమ్ము ఒంటి మీద పడితే స్నానం చేసినా దురద పోదు. సలీం భాయ్ ముక్కుకు రుమాలు కట్టుకుని, నన్ను తిట్టుకుంటూ, రెండు వైపులా సందు ఒకేలా తెచ్చాడు. అప్పటిదాకా అంతా సక్రమమే.

బంపరు కూర్చున్నాక నేను ఎదురుగా స్టూలు వేసుకుని చూశాను. ఆ పెద్ద నోరు చూస్తే నాకు భయం వేసింది. మా వైపు రోడ్ల మీద మక్కలు ఎండబోసి ఉంటాయి, బర్రెలు ఉంటాయి, కుక్కలు ఉంటాయి. ఏ బండి వచ్చినా ముందు ఇనుప పైపుల గార్డు బిగించనిదే పంపం. ఇంత పల్చటి బంపరు, దాని వెనక తెరిచిన రేడియేటరు. పైగా బేరం ఆడని మనిషి బండి. నా లోపలి కిరాణా కొట్టువాడు లేచి కూర్చున్నాడు. క్రాష్ బీమ్‌కు రెండు ఇనుప పైపులు వెల్డింగ్ చేయించి, వాటి మీద దట్టమైన జాలీ వేయించి, బంపరు చుట్టూ అదనంగా బోల్టులు బిగించి కొసరుగా ఇద్దామనుకున్నాను.

“జర ఫోన్ కొట్టి అడుగు సేటు,” అన్నాడు సలీం భాయ్.

“కొసరు అడిగి ఇస్తరా భాయ్?” అన్నాను.

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి వెల్డింగ్ అద్దం కిందికి దించుకున్నాడు.

రవీందర్ బండి తీసుకుపోవడానికి వచ్చిన రోజు గార్డుకు నల్లరంగు తళతళలాడుతోంది. నేను దాని మీద చెయ్యి వేసి మొదలుపెట్టాను. బర్రె అడ్డమొస్తే నష్టం బర్రెకేనన్నాను. బతికున్నన్ని రోజులు తుప్పు పట్టదన్నాను. బరువు చూడు, ఎత్తితే ఎత్తరాదు, ఎక్కడా తక్కువ ఇనుము వాడలేదన్నాను. ఇదంతా నా తరఫున, పైసా లేదన్నాను. అతను పైపును పట్టుకుని కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. ఎందుకు సేటు గింత అన్నాడు, నవ్వాడు, చెప్పిన ధర చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. పాపం, సంతోషంతో నోట మాట రాలేదు కాబోలు అనుకున్నాను. ఆ మాట సలీం భాయ్‌తో కూడా అన్నాను.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది. సిరిసిల్ల రమ్మన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వేములవాడ మీదుగా బస్సులో పోయాను. ఊరి బయట ప్లాట్లు చేసి అమ్ముతున్న వెంచర్ ఒకటి ఉంది. తారు రోడ్లు వేశారు గానీ ఇళ్లు ఇంకా లేవు. గేటు దగ్గరి మనిషిని అడిగి రవీందర్ బండిని అక్కడే తిప్పి చూస్తున్నాడు. నేను పోయేసరికి బానెట్ ఎత్తి ఉంది. పక్కన అతని భార్య లావణ్య నీళ్ల క్యాను పట్టుకుని నిలబడి ఉంది. ఆమె సిరిసిల్లలోనే బట్టలు కుట్టే యూనిట్‌లో పనిచేస్తుంది. ఆ రోజు సెలవు పెట్టిందట.

సంగతేమిటంటే, కొన్ని చుట్లు తిరిగేసరికే ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పోయింది. అతను చూసుకున్నాడు కాబట్టి వెంటనే ఆపేశాడు. ఇంకొంచెం పోనిస్తే హెడ్ గ్యాస్కెట్ కాలిపోయేది. అది ఇంజనులో రెండు భాగాల మధ్య ఉండే పల్చటి పొర. అది పోతే ఇంజను విప్పాల్సిందే. ట్రాక్‌కు పోయే రోజుకు బండి లేచేది కాదు. నా జాలీ ముందు చెయ్యి పెట్టి చూపించాడు. గాలి జాలీకి తగిలి పక్కలకు జారిపోతోంది, రేడియేటరులోకి పోవడం లేదు. దానికి తోడు ముందు బరువు పెరిగి మలుపులో బండి తిరగనంటోంది. ఇంక బంపరు తీయాలంటే నా బోల్టులన్నీ విప్పేసరికి చాయ్ తాగి రావచ్చు.

“మరి ఆ నాడే చెప్పద్దా తమ్మీ?” అన్నాను.

“నువ్వు పావురంగ, ప్రేమతోని ఇచ్చినవ్ సేటు. మొకం మీద వద్దనబుద్ధి కాలే.”

లావణ్య క్యాను కింద పెట్టింది. “ఒగలేమో అడగకుంటనే ఇస్తరు. ఒగలేమో వద్దనకుంటనే తీసుకుంటరు. మీ ఇద్దరి మొకమాటానికి ఆడ దుబాయి టికెట్ కాసుక్కూసున్నది,” అంది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అంది. “అన్నా, బిడ్డ వుట్టినప్పుడు గీయిన లేడు. నడక నేర్సినప్పుడు లేడు. గీ బండి ఒక్క పొద్దు మంచిగ ఉరికితే సాలు. నాకు ఇంకేం వద్దు.”

గార్డు వెంటనే కోయించాలి, అందులో అనుమానం లేదు. కానీ నాకు ఇంకో ముడి పడింది. ఇచ్చిన కొసరు వాపసు తీసుకోవడం మా ఇంట్లో ఎన్నడూ జరగలేదు. నవ్వుకోండి. ఆ ఎండలో నిలబడి జగిత్యాలకు, మా బాపుకు ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నాడు.

“వాపసు తీసుకునుడు మన కాడ లేదు. ఇచ్చినంక అది గిరాకిది. గాయినకు అక్కెర లేకుంటే ధర కట్టి కొనుక్కో,” అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ విన్నారు. అప్పటిదాకా మొహమాటపడిన రవీందర్ ముఖం మారిపోయింది. బంపరు దగ్గరకు పోయి, నా పైపు మీద నాలాగే చెయ్యి వేశాడు.

“ఏమిస్తవ్ సేటు?”

“పాత ఇనుము. ఏమొస్తది దానికి?”

“పాతదేంది? మొన్ననే గద రంగు కొట్టినవ్. బతికున్నన్ని రోజులు తుప్పు పట్టదంటివి.”

“బరువు గూడ అంత లేదు తమ్మీ.”

“ఎత్తితే ఎత్తరాదంటివి. పోనీ, అంత తేలికైతే బండికే ఉండనియ్యి.”

నా జన్మలో ఇంత ఘోరంగా ఏ బేరమూ ఓడిపోలేదు. నేను పొగిడిన ప్రతి మాటా అతను జేబులో దాచుకుని వచ్చాడు. చివరకు లావణ్యే తీర్పు చెప్పింది. పైసలొద్దు, ఆ గార్డుకు బదులు నా బోల్టులన్నీ తీసేసి క్విక్ రిలీజ్ పిన్నులు పెట్టించి ఇవ్వాలి. అవి గుండీల్లాంటివి. నొక్కి పావు తిప్పు తిప్పితే ఊడుతాయి, మళ్లీ నొక్కితే పడతాయి. మొదటి రోజు రవీందర్ అడిగింది కూడా అదే. ఊడకూడదు, తియ్యాలంటే జల్ది రావాలి అన్న మాటలో నేను మొదటి సగమే విన్నాను.

పిన్నులు హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చాయి. సలీం భాయ్ గ్రైండరు సంచిలో వేసుకుని కోరుట్ల నుంచి వచ్చాడు. సిరిసిల్లలో మగ్గాల సామాన్లు చేసే లేత్ మిషన్ షాపులో కొంచెం జాగా అడుక్కున్నాం. గార్డు కోస్తున్నప్పుడు సలీం భాయ్ నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. పాట మాత్రం పాడుకున్నాడు. లేత్ ఆయనతో సన్నటి అల్యూమినియం పట్టీలు కోయించి, క్రాష్ బీమ్‌కూ బంపరుకూ మధ్య ఆసరాగా పెట్టాం. పిన్ను పడే ప్రతి చోటా లోపలివైపు చిన్న రేకు ముక్క అతికించాం, లేకపోతే ఫైబర్‌గ్లాస్ రంధ్రం దగ్గర పగులుతుంది. రేడియేటరుకు రెండు పక్కలా ఉన్న సందులు రేకుతో మూసేశాం. నోట్లోంచి వచ్చిన గాలికి ఇక వేరే దారి ఉండకూడదు.

ఈసారి నేను ప్రతి పనికీ ముందు అడిగాను. ఇది ఉండాలా, తీసేయాలా? అతను చాలావాటికి తీసెయ్యి అనే అన్నాడు. ముందు ఇనుము అంటూ మిగిలింది టో హుక్ ఒక్కటే. బండి ట్రాక్ పక్కకు పోతే తాడు కట్టి లాగే కొక్కెం అది. దూరం నుంచి కనబడాలని దానికి ఎర్రరంగు వేస్తారు. ఆ రంగు నేనే వేశాను. మొత్తం పనిలో నా చేత్తో చేసింది అదొక్కటే, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

మళ్లీ అదే వెంచర్‌కు పోయాం. ఎక్కుదామంటే పక్క సీటు లేదు కాబట్టి నేనూ, లావణ్యా, సలీం భాయూ రోడ్డు పక్కన నిలబడ్డాం. ప్రతి చుట్టుకూ రవీందర్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి బొటనవేలు చూపించాడు. ఎండ అదే ఎండ. ముల్లు మధ్యలోనే నిలబడింది.

చెన్నైకి వాళ్లు బండిని డీసీఎం లారీలో ఎక్కించుకుని పోయారు. పాపను కోరుట్లలో అమ్మగారింట్లో ఉంచి లావణ్య కూడా వెంట వెళ్లింది. అతను ట్రాక్ ఎక్కిన రోజు నాకు దుకాణంలో కాలు నిలవలేదు. ఎవరో హారన్ అడిగితే మ్యాట్ ఇచ్చాను. సలీం భాయ్ నన్ను పొమ్మన్నాడు. జగిత్యాలకు పోయి బాపు గల్లా పక్కన కూర్చుని సంగతి మొత్తం చెప్పాను. ఫోన్లో సగమే విన్నాడు కదా. ఆయన కందిపప్పు పొట్లం కడుతూ విన్నాడు.

అంతలో ఒక ముసలావిడ సామాన్లు తీసుకుంది. నూనె, చక్కెర, పప్పు, ఇడ్లీ రవ్వ. డబ్బులిచ్చింది. బాపు చెయ్యి అలవాటుగా బెల్లం డబ్బాలోకి పోయింది. పోయి, అక్కడే ఆగింది.

“అవ్వా, కొసరు ఏం గావాలె?” అన్నాడు.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. “గిదేంది సేటు, ఎన్నడు అడగనోనివి?” అంది. కొంచెం ఆలోచించి, “ఏమొద్దు కొడుకా. ఉన్నదే మొయ్యవశమైతలేదు. గా ఆటో దాక సంచి పట్టియ్యి,” అంది.

బాపు నా వైపు చూశాడు. కోరుట్లలో యాక్సెసరీస్ దుకాణానికి ఓనర్ని, గిరాకీల ముందు ఇంజనీరుని, సంచి భుజానికెత్తుకుని ఆమె వెనక నడిచాను. సగం దూరంలో జేబులో ఫోన్ మోగింది. రెండు చేతులూ సంచికే ఉన్నాయి. మోగి మోగి ఆగిపోయింది, మళ్లీ మొదలైంది. ముసలావిడ వెనక్కి తిరిగి, ఎవలో పాపం జేస్తున్నరు, ఎత్తు కొడుకా అంటోంది. సంచి ఆటోలో పెట్టి, చెమట చేత్తోనే ఫోన్ తీశాను. లావణ్య.

“అన్నా, పొద్దంత ఉరికింది. ముల్లు కదల్లే,” అంది. ఒకసారి బండి మలుపులో జారి గడ్డిలోకి పోయిందట. బంపరు నిండా మన్ను. రవీందర్ పిన్నులు తిప్పి, తీసి, దులిపి, అందరూ చూస్తుండగానే మళ్లీ పెట్టేసి ట్రాక్ ఎక్కాడట. అది చూసిన ట్రాక్ పెద్దసారు దగ్గరకొచ్చి ఆ పిన్నులు ఎవరు పెట్టారని అడిగాడట. కోరుట్ల అని చెప్పారట. ఆయనకు అదెక్కడుందో తెలియలేదట.

“నౌకరి?” అన్నాను.

“అయింది. పాస్‌పోర్టు ఇగ బీరువలనే ఉంటది అన్నా,” అంది. ఆటో కదిలింది. లోపలి నుంచి ముసలావిడ నాకు దండం పెట్టింది. ఎందుకో నేనూ ఆమెకు పెట్టాను.

ఆ రోజు నుంచి రవీందర్‌కు నేను రుణపడే ఉన్నాను. ఇంజను పోయి ఉంటే అతని దారి వేరేగా ఉండేది. నిందించడానికి అతనికి అన్ని హక్కులూ ఉండి కూడా, నా ఇనుము వెనక ఉన్న మనసును ముందు చూశాడు. ఆ తర్వాతే ఇనుమును తీసేయమన్నాడు. లావణ్యకు కూడా రుణపడ్డాను. ఆమె నోరు విప్పకపోతే మేమిద్దరం ఇంకా మర్యాదలు చేసుకుంటూ ఉండేవాళ్లం.

గార్డు ఇప్పుడు మా షెడ్డు గోడకు వేలాడుతోంది. నా సొంత కొసరును నేను కొనుక్కున్న వస్తువు కాబట్టి ఎవరికీ అమ్మను. కొసరు మానలేదు, అది మానితే బాపు ఇంట్లోకి రానివ్వడు. కాకపోతే బండి అప్పగించే ముందు గిరాకీని ఒక మాట అడుగుతున్నాను, దుకాణం తరఫున ఏమన్నా తీసేయాలా అని. చాలామంది నవ్వి ఊరుకుంటారు. మొన్న ముస్తాబాద్ నుంచి వచ్చిన ఒక రైతు మాత్రం నవ్వలేదు. బండి వెనక్కి పోయినప్పుడల్లా పాట పాడే రివర్స్ హారన్ తీసెయ్యమన్నాడు. అది బిగించింది నేనే, కిందటేడు, కొసరుగా.